గిరిగారు – కూలివాడి వైద్యం

వరాహగిరి వెంకటగిరి గారంటే మనలో చాలామందికి మాజీ రాష్ట్రపతిగానే తెలుసు. నాకు మాత్రం ఆయన ముందు కార్మికుల మనిషి, తర్వాతే రాష్ట్రపతి.

1894లో బరంపురంలో తెలుగువారింట పుట్టారు. 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. బ్రిటన్ 1911లో కార్మికులకు బీమా చట్టం తెచ్చింది గానీ, అందులోని డాక్టరు వైద్యం ఐర్లండుకు ఇవ్వలేదు. ఒకే చట్టం, రెండు న్యాయాలు! అక్కడి స్వాతంత్ర్యోద్యమంతో సంబంధం ఉందని 1916లో గిరిగారిని పంపించేశారు. ఇంటికొచ్చి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకుడయ్యారు. ఆ రైలుమార్గం మన వాల్తేరు దాకా ఉండేది.

1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక మహాసభకు మన కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. అనారోగ్య బీమాపై ఆ సభ రెండు ఒప్పందాలు ఆమోదించింది: ఒకటి పరిశ్రమలకు, రెండోది వ్యవసాయానికి. పదేళ్ళకి, 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజానే ఓడించి మద్రాసులో కార్మిక మంత్రి అయ్యారు.

1948లో ఈఎస్‌ఐ చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరిలో కాన్పూరు, ఢిల్లీల్లో అమలైంది. అదే మే నెలలో గిరిగారు కేంద్ర కార్మిక మంత్రి కావడంతో దాని బాధ్యత ఆయన శాఖకు వచ్చింది. అందులోని ధర్మం చూడండి: జీతాన్నిబట్టి చందా, జబ్బునిబట్టి వైద్యం. మరీ తక్కువ కూలి వాడి దగ్గర చందా తీసుకోరు, యజమాని వాటా మాత్రం తప్పదు.

1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చేస్తే, గిరిగారు పదవి వదులుకున్నారు. ఇచ్చిన మాట కూలివాడి దగ్గరైనా మాటే కదా! 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతిగా ఉండి, 1980లో కన్నుమూశారు.

మిత్రులారా, మా భీమునిపట్నం పక్క చిట్టివలసలో జూట్ మిల్లు ఉండేది, 2009లో మూతపడింది. మిల్లు కూలీకి ఈఎస్‌ఐ దక్కేది. అదే ఊరి తీరాన వేటకెళ్ళేవాడికి దక్కలేదు, వాడికి యజమానే లేడు మరి! 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదవాడి పెద్ద ఆపరేషన్లకి దారి చూపింది. కానీ రోజూ మింగే బీపీ మాత్ర, జ్వరమొచ్చి వేట మానేసిన రోజుల కూలి? ఈఎస్‌ఐలో ఈ రెండూ ఉన్నాయి. జెనీవాలో రెండు ఒప్పందాలైతే, మనం సగమే అందుకున్నాం. ఆ రెండో సగం తీరం దాకా రావాలని అడగడమే గిరిగారికి మనమిచ్చే నివాళి అని నా నమ్మకం.