పట్టికలకే జీవితమును ధారవోసిన ఎడ్వర్డ్ బ్లైత్

పుస్తకములెన్ని యున్నను పట్టిక లేని గ్రంథాలయము అడంగలు లేని గ్రామము వంటిది. అందేమి యున్నదో, ఏది ఎవరిదో చెప్పుట బ్రహ్మతరము గాదు. మన దేశపు పక్షిమృగాదులకు అట్టి పట్టికలను వ్రాసిపెట్టిన తొలితరము వారిలో ఎడ్వర్డ్ బ్లైత్ ముఖ్యుడు.

ఇతడు 1810వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన లండను నగరమున జన్మించెను. పదియేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. నలుగురు బిడ్డలతో తల్లి సంసారము నెట్టుకొనివచ్చెను. బ్లైత్ రసాయనశాస్త్రము కొంత నేర్చి, టూటింగ్ అను చోట మందుల దుకాణము తెరచెను. దుకాణదారుడు తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకే లేచి, ఎముకల బొమ్మలు గీయుచు, పక్షిచర్మములలో దూది కూరుచు కూర్చుండిన బేరమెవరు చూచుకొందురు? వ్యాపారము చెడెను. అయినను ఆ తెల్లవారుజాముల చదువు వ్యర్థము కాలేదు. ఫ్రెంచి పండితుడు క్యువియే రచించిన జంతుశాస్త్ర గ్రంథము 1840లో ఇంగ్లీషున వెలువడినపుడు అందలి క్షీరజంతువుల భాగమును, పక్షుల భాగమును పరిష్కరించినవాడు ఈ దివాలా తీసిన మందుల వర్తకుడే.

సర్ విలియం జోన్సు 1784లో కలకత్తాయందు ఆసియాటిక్ సొసైటీని స్థాపించిన సంగతి చదువరులెరుగుదురు. ఆ సభకు 1814 నుండి ప్రదర్శనశాలయు, 1832 నుండి పత్రికయు నుండెను. చర్మములు, కొమ్ములు, పుర్రెలు నానాదిక్కుల నుండి వచ్చి చేరుచుండెను గాని, వానిని పోల్చి, పేరిడి, వ్రాసి యుంచుటకు నిత్యము అదే పనిగా కూర్చుండు మనిషి కావలసి వచ్చెను. 1841 సెప్టెంబరులో బ్లైత్ ఆ పదవికి వచ్చి చేరెను. జీతము ఏడాదికి మూడువందల పౌనులు. ఇంటి అద్దె క్రింద నెలకు నాలుగు పౌనులు. తరువాత ఇరువదియేండ్లలో ఆ జీతము ఒక్క కాసైనను పెరుగలేదు.

ఈ పని చూచుటకు సులభము, చేయుటకు కష్టము. ఒకే జంతువునకు నేపాళమున నొక పేరు, బర్మాలో నొక పేరు, దక్షిణమున మరియొక పేరు. కొమ్ములు రాని పిల్లను చూచి వేరు జాతియని వ్రాసినవారును గలరు. బ్లైత్ దంతములు, పుర్రె, రోమముల రంగు ఒక్కొక్కటి సరిచూచి, పాతగ్రంథములలోని పేర్లన్నిటిని ఒకచోట చేర్చి, ఏది సరియో తేల్చెను. ఏ చర్మము ఏ సీమ నుండి వచ్చెనో, ఎవరు పంపిరో దాని యెదుటనే వ్రాసెను. తాను అడవులలో తిరిగినది స్వల్పము. నేపాళము నుండి హాడ్జ్‌సన్, అరకాను నుండి ఫేర్, దక్షిణాది నుండి జెర్డన్ పంపిన వస్తువులే అతనికి అడవులు. వాని వివరములు ఎప్పటికప్పుడు సొసైటీ పత్రికలో అచ్చయ్యెడివి.

తెలుగువారికి దగ్గరి ముచ్చటలు రెండు కలవు. కోరమండల తీరపు కొండముచ్చును, నెత్తిపై కుచ్చు గలదానిని, 1844లో ప్రత్యేకముగ వర్ణించినవాడు బ్లైతే. ట్రాయి నగరపు వృద్ధరాజు ప్రయాము పేరు దానికి శాస్త్రనామమున నిలిచినది. కోతికి రాజు పేరిడుట కొంత వింతయే! ఇక నెల్లూరున వైద్యుడుగా నుండిన జెర్డన్ తూర్పుకనుమలలో సంపాదించిన పక్షిని 1848లో వర్ణించినదియు బ్లైతే. రొమ్మున రెండు పట్టెలు గల ఆ పక్షియే మన కలివికోడి. అది నశించెనని లోకమంతయు తలచిన పిమ్మట 1986లో కడప జిల్లాలో మరల కనబడెను.

పక్షుల పట్టిక 1849లో వెలువడెను. క్షీరజంతువుల పట్టిక మాత్రము 1863 వరకు రాలేదు. ఇష్టమైన పక్షిమృగములకే కాలమంతయు వెచ్చించి తక్కిన వస్తువుల నలక్ష్యము చేయుచున్నాడని సభ్యులలో కొందరు ఆక్షేపించిరి. ఆక్షేపణ పూర్తిగా అబద్ధము గాదు. కాని ఒక్క మనిషి చేతికి ఒక ఖండమంతటి సరుకు నప్పగించి జాగు అయ్యెనని గద్దించుట న్యాయమా? ఆ పేదరికమున బ్లైత్ మారుపేర్లతో పత్రికలకు వ్యాసములు వ్రాసెను. సజీవ జంతువుల వర్తకమునకును చేయి చాచెను. ఈసారియు వర్తకము కలసిరాలేదు.

అతని పాండిత్యపు విలువ దూరమున నున్న డార్విన్ ఎరిగెను. 1855 నుండి బ్లైత్ మన దేశపు పెంపుడు జంతువులను గూర్చి పుంఖానుపుంఖముగ లేఖలు వ్రాసెను. ఊరికోళ్ళన్నియు ఇక్కడి అడవికోడి సంతతియే యను విషయమున డార్విన్ 1859 నాటి తన మహాగ్రంథపు మొదటి అధ్యాయముననే బ్లైత్ అభిప్రాయమునకు పెద్దపీట వేసెను.

నలుబది మూడేండ్ల వయస్సున, 1854లో, బ్లైత్ ఒక వితంతువును వివాహమాడెను. మూడేండ్లు నిండీ నిండకమున్నే, 1857 డిసెంబరులో, ఆమె మరణించెను. ఆ దెబ్బ నుండి అతడు తేరుకొనలేదు. ఆరోగ్యము చెడి 1862లో కలకత్తా విడిచి స్వదేశము చేరెను. క్షీరజంతువుల పట్టిక అచ్చయి వెలువడుసరికి కర్త ఇక్కడ లేడు. సొసైటీవారు పట్టుబట్టి కోరగా దొరతనమువారు కొద్దిపాటి పింఛను నిచ్చిరి. 1873 డిసెంబరు 27వ తేదీన, అరువది మూడేండ్లు నిండిన నాలుగవనాడు, బ్లైత్ కన్నుమూసెను.

బర్మా దేశపు జంతువుల పట్టిక వ్రాతప్రతిగా మిగిలిపోయెను. దానిని 1875లో ఆసియాటిక్ సొసైటీవారు తమ పత్రికకు అనుబంధముగ ముద్రించి, మిత్రుడు ఆర్థర్ గ్రోట్ వ్రాసిన జీవితకథను ముందు చేర్చిరి. సొసైటీ సేకరణలు అంతకుముందే కలకత్తా ఇండియన్ మ్యూజియమునకు చెంది యుండెను. అందలి క్షీరజంతువులకు జాన్ ఆండర్సన్ 1881లో క్రొత్త పట్టిక కట్టినపుడు, బ్లైత్ సరిచూచి పేరు వ్రాసిన చర్మములే మరల బల్లమీదికి వచ్చెను.