చక్రాల కుర్చీలోంచి నడక నేర్పిన డాక్టరమ్మ

మడివాళలో రాత్రి బస్సెక్కితే హోసూరు, కృష్ణగిరి, ఆంబూరు మీదుగా తెల్లారకముందే వేలూరు చేరొచ్చు. మన పెద్దలు రాయవేలూరు అని పిలిచిన ఊరే అది. చిత్తూరు, అనంతపురం వైపు నుంచీ, బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచీ అక్కడి సీఎంసీ ఆసుపత్రికి వెళ్లొచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. క్యాన్సర్ అనగానే మాత్రం మనవాళ్లలో ఎక్కువమందికి గుర్తొచ్చేది కిద్వాయ్ ఆసుపత్రి. 1973లో మొదలైన ఆ సంస్థ మడివాళకు కొద్ది కిలోమీటర్ల దూరమే. ఏ ఆసుపత్రికి వెళ్లినా రోగి తాలూకువాళ్లు ముందుగా అడిగేది గడ్డ పూర్తిగా పోయిందా లేదా అనే. ఆపరేషన్ తర్వాత చెయ్యి పైకి లేస్తుందా, నోరు తెరుచుకుంటుందా, మనిషి తన పని తాను చేసుకోగలుగుతాడా అని అడిగేవాళ్లు తక్కువ.

ఆ రెండో ప్రశ్నకు జవాబు వెతకడం కూడా వైద్యమేనని మన దేశంలో చేసి చూపించినవారిలో ముందు వరుసలో నిలిచే పేరు డాక్టర్ మేరీ వర్గీస్. నడుము కింద స్పర్శ లేని స్థితిలో, చక్రాల కుర్చీలో కూర్చునే ఆమె ఆ పని చేశారు.

ఒక్క ప్రయాణంతో తలకిందులు

మేరీ 1925లో కొచ్చిన్‌లో కలిగిన కుటుంబంలో పుట్టారు. డాక్టరు కావాలని వేలూరు వచ్చారు. ఇడా స్కడర్ 1900లో ఒక్క పడకతో మొదలుపెట్టిన వైద్యశాల అప్పటికే పెద్ద ఆసుపత్రిగా, వైద్య కళాశాలగా ఎదిగింది. చదువు ముగించి అక్కడే కొలువులో చేరిన మేరీకి స్త్రీల వైద్యం మీద ఆసక్తి ఉండేది.

1954 జనవరిలో తోటి యువ డాక్టర్లతో కలిసి సరదాగా బయటికి వెళ్లినప్పుడు వాళ్ల వాహనం బోల్తా పడింది. మేరీ ముఖానికి లోతైన గాయమైంది. వెన్నుపాము దెబ్బతిని రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. 28 ఏళ్ల డాక్టరు మంచానికే పరిమితమైపోయింది. ఆ రోజుల్లో వెన్ను దెబ్బతిన్నవాళ్లు పడక పుండ్లతో, మూత్రపిండాల ఇన్‌ఫెక్షన్లతో చనిపోవడం మామూలు. బతికినా ఇంట్లో ఓ మూలన పడి ఉండాల్సిందేనని అందరూ అనుకునే కాలమది.

కూర్చునే కత్తి పట్టారు

అప్పుడు వేలూరులో పాల్ బ్రాండ్ అనే సర్జన్ పనిచేసేవారు. కుష్ఠువ్యాధితో వంకర తిరిగిన వేళ్లను ఆపరేషన్‌తో సరిచేయడంలో ప్రపంచానికే దారి చూపిన వైద్యుడాయన. చేతి ఆపరేషన్‌ను డాక్టరు కూర్చునే చేస్తాడు. కాళ్లతో పని లేదు, చేతులు బాగుంటే చాలు. ఆ పనికి మేరీ తగినదేనని బ్రాండ్ గుర్తించారు. ఆమెను అటు నడిపించారు.

మేరీ చక్రాల కుర్చీలోనే ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లి కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేయడం మొదలుపెట్టారు. ఆ ఆపరేషన్లలో ఒక చోటి స్నాయువును తీసి ఇంకో చోట అతికిస్తారు. దాంతో పని అయిపోదు. అతికించిన స్నాయువుకు కొత్త పని నేర్పాలి. ఫిజియోథెరపిస్టు దగ్గర వారాల తరబడి సాధన చేస్తేనే వేలు మళ్లీ పట్టు చిక్కించుకుంటుంది. కత్తి చేసేది సగం పనే అని ఆ విభాగంలో రోజూ కళ్లారా కనిపించే విషయం.

పెర్త్, న్యూయార్క్, మళ్లీ వేలూరు

తర్వాత ఆమె ఆస్ట్రేలియాలోని పెర్త్ వెళ్లి శిక్షణ తీసుకున్నారు. మంచం మీంచి కుర్చీలోకి తనంతట తాను మారడం దగ్గర్నుంచి ఇతరుల మీద ఆధారపడకుండా బతకడం అక్కడ నేర్చుకున్నారు. తనకు దొరికిన ఈ సాయం ఊళ్లలో మంచాన పడి ఉన్నవాళ్లకు ఎందుకు దొరకకూడదన్నదే ఆ తర్వాత ఆమె జీవితమంతా నడిపిన ఆలోచన.

అక్కణ్నుంచి అమెరికా. న్యూయార్క్‌లో డాక్టర్ హోవార్డ్ రస్క్ నడిపే పునరావాస వైద్య సంస్థలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులతో పనిచేసిన రస్క్ ఈ వైద్యానికి ఒక రూపం ఇచ్చారు. రోగం రాకుండా చూడటం ఒకటి, వచ్చాక నయం చేయడం రెండు, మనిషిని తిరిగి బతుకులో నిలబెట్టడం మూడు అనేది ఆయన పద్ధతి. ఆ మూడో మెట్టునే మేరీ వేలూరుకు తెచ్చారు.

1960ల తొలినాళ్లలో తిరిగొచ్చి సీఎంసీలో ఫిజికల్ మెడిసిన్, పునరావాస విభాగం బాధ్యత తీసుకున్నారు. 1966లో బాగాయంలో పునరావాస కేంద్రం తెరుచుకుంది. రోగులు నెలల పాటు ఉండి నేర్చుకునే ఇలాంటి కేంద్రం దేశంలో అదే మొదటిదని చెబుతారు. అక్కడ డాక్టరు, ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, కృత్రిమ అవయవాలు తయారుచేసేవారు ఒకే రోగి కోసం కలిసి పనిచేస్తారు. ఒకరు కండరానికి బలం తెస్తే, ఇంకొకరు ఆ బలంతో అన్నం కలుపుకోవడం, చొక్కా వేసుకోవడం, కూలికో కొట్టుకో వెళ్లడం నేర్పుతారు. 1972లో ప్రభుత్వం మేరీకి పద్మశ్రీ ఇచ్చింది. 1986 డిసెంబరులో ఆమె కన్నుమూశారు. కేంద్రానికి తర్వాత ఆమె పేరే పెట్టారు.

క్యాన్సర్‌కు దీంతో ఏం పని?

మేరీ వర్గీస్ క్యాన్సర్ డాక్టరు కాదు. కానీ బండి బోల్తా పడి కాళ్లు పోయినా, వెన్నులో గడ్డ నొక్కి కాళ్లు పోయినా ఆ మనిషికి కావాల్సిన సాయం ఒకటే. ఎముక క్యాన్సర్‌తో కాలు తీసేసినవారికి కృత్రిమ కాలు అమర్చి నడక నేర్పాలి. న్యూయార్క్‌లోనే డాక్టర్ హెర్బర్ట్ డైట్జ్ 1960ల చివర్లో ఈ వైద్యాన్ని క్యాన్సర్ రోగుల కోసం నాలుగు భాగాలు చేశారు. నష్టం రాకముందే జాగ్రత్తపడటం, పోయిన శక్తిని తిరిగి తేవడం, పూర్తిగా రానప్పుడు ఉన్నదాంతో బతకడం నేర్పడం, చివరి దశలో నొప్పి, ఇబ్బంది తగ్గించడం. అంటే నయం కాదని తేలినవారికి కూడా థెరపిస్టు చేయగలిగింది ఉంటుందన్నమాట.

మన ఇళ్లలో జరుగుతున్నది వేరు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన అక్కనో అత్తమ్మనో చెయ్యి కదపొద్దంటూ నెలల తరబడి కూర్చోబెడతారు. ప్రేమతోనే చేస్తారు. కానీ భుజం బిగుసుకుపోతుంది. తల దువ్వుకోవడానికి, జాకెట్టు వేసుకోవడానికీ ఇంకొకరు కావాల్సి వస్తుంది. చంకలోని లింఫ్ గ్రంథులు తీసేసినవారికి చెయ్యి వాచే అవకాశం ఉంది. మొదట్లోనే గుర్తిస్తే కట్లు, బిగువు తొడుగులు, వ్యాయామంతో అదుపులో పెట్టొచ్చు. ముదిరాక కష్టం.

మన ప్రాంతంలో పొగాకు, గుట్కా వల్ల నోటి క్యాన్సర్లూ చూస్తూనే ఉన్నాం. రేడియేషన్ తర్వాత దవడ బిగిసి నోరు వేలెడు కూడా తెరుచుకోకపోవచ్చు. దవడ వ్యాయామాలు ముందే మొదలుపెడితే ముద్ద మింగే స్థితి నిలుస్తుంది. మెడ ఆపరేషన్‌లో నరం దెబ్బతింటే భుజం జారిపోతుంది. కొన్ని కీమో మందులతో వేళ్లు తిమ్మిరెక్కి బొత్తాలు పెట్టుకోవడమూ రాదు. లావు పిడి చెంచా, బొత్తాల బదులు అతుక్కునే పట్టీ లాంటి చిన్న ఏర్పాట్లు చూపించేది ఆక్యుపేషనల్ థెరపిస్టే.

అడగాల్సింది మనమే

ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజే ఫిజియోథెరపిస్టును కలవాలా అని డాక్టరును అడగండి. ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీతో పాటు ఏ వ్యాయామం, రోజుకు ఎన్నిసార్లు, ఎప్పట్నుంచి అన్నదీ రాయించుకోండి. ఎముకలకు క్యాన్సర్ పాకిందంటే మాత్రం డాక్టరు చెప్పకుండా ఏ వ్యాయామమూ వద్దు. ఎముక విరిగే ప్రమాదం ఉంటుంది. కొత్తగా కాళ్లలో పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వెన్నుపాము మీద ఒత్తిడి పడుతున్నప్పుడు గంటలు కూడా విలువైనవే.

మేరీ వర్గీస్ కాళ్లు తిరిగి రాలేదు. ఆమెకు తిరిగొచ్చింది చేసుకోవడానికి ఒక పని. మన ఇంట్లో వైద్యం ముగించుకుని వచ్చిన మనిషికి కూడా దక్కాల్సింది అదే.