జోలె పట్టి చదివిన గాయకుడు ఘంటసాల

శాస్త్రీయ సంగీతం నేర్చినవాడు సినిమాకు పాడితే విద్య పలచబడిపోతుందని పాతకాలం పెద్దలు అనేవారు. కర్ణాటక విద్వాంసుల్లోనూ ఈ మాట ఉండేది, మన ఉస్తాదుల ఘరానాల్లోనూ ఉండేది. అందులో నిజమెంతో తేల్చుకోవాలంటే ఘంటసాల వెంకటేశ్వరరావు గారి జీవితం చూస్తే చాలునని మా అభిప్రాయం.

ఆయన 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య గారు తరంగాలు పాడేవారు, పిల్లవాడు వాటికి చిందులు వేసేవాడు. కొడుకు సంగీతం బాగా నేర్వాలన్న కోరిక మిగుల్చుకుని తండ్రి తొందరగానే పోయారు. మేనమామ ఇంట పెరుగుతున్న కుర్రవాడు వేలి ఉంగరం అమ్ముకుని, ఆ డబ్బుతో విజయనగరం చేరాడు.

అక్కడి రోజులే మా మనసును ఎక్కువ పట్టుకున్నాయి. పట్రాయని సీతారామశాస్త్రి గారు పైసా తీసుకోకుండా విద్య చెప్పారు గాని, ఆయనదీ బీద సంసారమే. తిండి కోసం శిష్యుడు జోలె భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తేవాడు. నాలుగిండ్ల అన్నం ఒక్క జోలెలో కలిసిపోయేది. పూర్వం మన అరబీ మదరసాల్లో చదివే పిల్లలకు కూడా మొహల్లా ఇండ్ల నుంచే రొట్టె వచ్చేది. అది ఎరిగినవారికి ఈ సంగతి వింతగా తోచదు. అలా చదివి మహారాజా వారి సంగీత కళాశాలలో విద్వాన్ పట్టా తీసుకున్నారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాటలు పాడి జైలుకూ పోయివచ్చారు.

పట్టాతో కడుపు నిండదు గదా! 1944లో పెళ్ళయింది. సముద్రాల రాఘవాచార్య గారి అండ చూసుకుని మద్రాసు చేరారు. కొన్నాళ్ళు పానగల్ పార్కులోనే పడుకున్నారు. రేడియోలో పాడారు, సినిమాల్లో గుంపులో ఒకడుగా గొంతు కలిపారు. 1945లో 'స్వర్గసీమ'లో భానుమతి గారితో పాడితే 116 రూపాయలు ముట్టాయి. ఆ తర్వాత సంగీత దర్శకులయ్యారు. 1949 'మనదేశం', 1951 'పాతాళభైరవి', 1963 'లవకుశ' ఆయన సంగీతమే. మధ్యలో 1953లో 'పరోపకారం' అని సొంత చిత్రం తీసి నష్టపోయారు.

పద్యం సంగతి మాత్రం ఆగి చెప్పాలి. నాటకాల్లో పద్యమంటే చివరి అక్షరం పట్టుకుని ఊపిరి ఉన్నంతసేపు రాగం తీయడమే. వన్స్‌మోర్‌లు పడేవి, అర్థం మాత్రం గాలికి పోయేది. ఘంటసాల గారు మాట ఎక్కడ విరగాలో అక్కడ విరిచారు, రాగం భావానికి సరిపడా మాత్రమే వేశారు. ముషాయరాలో మంచి షాయరు తరన్నుంతో చదివినప్పుడు షేర్ ముందు, సుర్ వెనక నడుస్తాయి చూడండి, అదే పద్ధతి. ఎంత పాడాలో తెలిసినవారు చాలామంది, ఎక్కడ ఆపాలో తెలిసినవారు తక్కువ. అసలైన తాలీమ్ ఉంటే తప్ప ఆ నిగ్రహం రాదు.

1961లో 'జగదేకవీరుని కథ' వచ్చింది. అందులో పెండ్యాల గారి సంగీతంలో ఆయన పాడిన 'శివశంకరి' దర్బారీ కానడ రాగం. మియాన్ తాన్‌సేన్ పేరుతో చెప్పుకునే రాగాన్ని నేల టికెట్టు జనం ఊపిరి బిగబట్టి విన్నారు. వాళ్ళకు సభల మెట్లు ఎవరు ఎక్కనిచ్చారు?

ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ సాహెబ్ అంటే ఆయనకు ప్రాణం. ఉస్తాద్ మద్రాసు వచ్చినప్పుడు ఘంటసాల గారి ఇంట్లో బస చేసేవారు. ఆ ఉస్తాద్ కూడా సినిమాకు దూరంగానే ఉండి, 1960లో వచ్చిన 'మొగలే ఆజం'కు మాత్రం పాడారు. పాటకు 25,000 తీసుకున్నారని ప్రసిద్ధి. 1968లో మన హైదరాబాదులోనే కన్నుమూశారు.

సినిమాకు పోయి గురువును మరిచారా అంటే, అదీ లేదు. శాస్త్రి గారి కుమారుడు సంగీతరావు గారినే ఏళ్ళ తరబడి సహాయకులుగా తన పక్కన ఉంచుకున్నారు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. గంటలకొద్దీ సాగవలసిన కచ్చేరీ గొంతు మూడు నిమిషాల రికార్డుల్లో సర్దుకోవలసివచ్చింది. ఆ లోటు లోటే.

1970లో పద్మశ్రీ ఇచ్చారు. ఆరోగ్యం దెబ్బతిన్నాక భగవద్గీత శ్లోకాలు రికార్డు చేశారు. అది బజారులోకి రాకముందే, 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్ళకే మద్రాసులో పోయారు. ఇప్పుడు మా మెదక్‌లో హిందూ సోదరుల ఇంట చావు జరిగితే ముందు వినవచ్చేది ఆ గొంతే. అది చెవిన పడగానే మనవాళ్ళు కూడా ఎవరింట్లోనని ఆరా తీసి, పలకరించి రావడానికి చెప్పులు తొడుక్కుంటారు.