యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 1948) జీవరసాయన శాస్త్రంలోనూ, ఔషధ పరిశోధనలోనూ విశేష కృషి చేసిన ఆంధ్ర శాస్త్రవేత్త. కండరాల శక్తికి మూలమైన పదార్థాలను గుర్తించడం మొదలుకొని లుకేమియా, బోదకాలు వ్యాధుల చికిత్స వరకు ఈయన పరిశోధనలు విస్తరించాయి.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణుడయ్యాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతున్నపుడు గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించడం శస్త్రచికిత్స ఆచార్యునికి రుచించలేదు. తత్ఫలితంగా ఈయనకు ఎం.బి.బి.ఎస్. బదులు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది.

ఈయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ వ్యాధి వలన మరణించారు. పేగులు ఆహారసారాన్ని గ్రహించలేక రోగి క్రమంగా క్షీణించే వ్యాధి ఇది. సుబ్బారావుకు కూడా ఇది సోకగా, ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నాడు. తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు.

హార్వర్డులో పరిశోధనలు

1920ల ఆరంభంలో అమెరికా చేరిన సుబ్బారావు, హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధన సాగించాడు. రక్తం, మూత్రాలలోని భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని వీరు 1925లో ప్రకటించారు. ఇదే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి. దీని సాయంతోనే 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ ను కనుగొన్నారు. కండరం పనిచేసినపుడు ఇది తరిగి, విశ్రాంతిలో తిరిగి సమకూరుతుంది. 1929లో ఎ.టి.పి.ని కూడా వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. 1930లో సుబ్బారావు పిహెచ్.డి. పట్టా పొందాడు. అయినా హార్వర్డులో శాశ్వత ఉద్యోగం లభించలేదు.

ఫోలిక్ ఆమ్లం, క్యాన్సరు చికిత్స

1940లో సుబ్బారావు న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్ లోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అనతికాలంలోనే పరిశోధనా విభాగానికి డైరెక్టరు అయ్యాడు. ఈయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిలో కలిగే రక్తహీనతకు ఈ విటమిన్ ఔషధంగా ఉపయోగపడింది.

ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలను ఇచ్చిన లుకేమియా పిల్లలలో వ్యాధి మరింత వేగంగా ముదరడం బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించాడు. ఈ విటమిన్ వ్యాధిని పెంచుతున్నదంటే, దాని పనిని అడ్డగించే పదార్థం వ్యాధిని అణచగలదన్న ఆలోచనకు ఇది దారితీసింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని నిరోధించే అమినోప్టెరిన్ ను లెడర్లీ బృందం తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాలలో 16 మంది పిల్లలకుగాను 10 మందిలో వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఆ ఉపశమనం తాత్కాలికమే అయినప్పటికీ, లుకేమియాను మందుతో అణచవచ్చునని రుజువైంది. ఇదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సరుకు, కీళ్ళవాతానికి వాడుకలో ఉంది.

బోదకాలు ఔషధం, మరణం

1947లో ఈయన బృందం వెలువరించిన హెట్రజాన్ (డైఇథైల్ కార్బమజీన్) బోదకాలుకు కారణమైన ఫైలేరియా క్రిములపై పనిచేస్తుంది. ఈ వ్యాధి ప్రబలిన గోదావరి, కృష్ణా తీర ప్రాంతాల ప్రజలకు ఈ ఔషధం సుపరిచితమే.

సుబ్బారావు స్వదేశానికి తిరిగి రాకుండానే, 53 ఏళ్ళ వయసులో అమెరికాలో నిద్రలోనే మరణించాడు. అప్పటికి ఫార్బర్ ఫలితాలు వెలువడి కొద్ది వారాలే అయింది. ఈయన శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలాబిళ్ళను విడుదల చేసింది.