బోదకాలు పురుగుకు మందు కనిపెట్టిన సుబ్బారావు గారు



నేను ఈసారి డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి రాస్తున్నాను. మా అక్క అశోక్‌నగర్‌లో కోచింగ్‌కు ఉంది. సెలవుల్లో పోయినప్పుడు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఆయన జీవితం చదివాను.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. బీద కుటుంబం. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. అన్న, తమ్ముడు జబ్బుచేసి చనిపోయారు. మద్రాసులో డాక్టరు చదువు చదివేటప్పుడు ఖద్దరు వేసుకున్నారని తెల్లదొర ప్రొఫెసరుకు కోపం వచ్చింది. అందుకని పెద్ద డిగ్రీ ఇవ్వకుండా చిన్న డిగ్రీ ఇచ్చారు. అయినా ఆగలేదు. అమెరికా పోయి బోస్టన్‌లో చదువుకుంటూ, ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల గిన్నెలు కడిగి బతికారు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు.

ఇప్పుడు పురుగు సంగతి చెప్తాను. ఏలికపాము, కొంకిపురుగు, నులిపురుగు, బోదకాలు పురుగు అన్నీ గుండ్రటి పురుగుల వర్గమే. దాని పేరు నిమాటోడా. ఒళ్ళు దారంలాగ ఉంటుంది, కణుపులు ఉండవు. ఆడ, మగ వేరు వేరు. వానపాముకు కణుపులుంటాయి కాబట్టి అది ఈ వర్గం కాదు. బద్దెపురుగు చదునుగా ఉంటుంది, అదీ కాదు.

బోదకాలు పురుగు దోమకాటుతో వస్తుంది. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో ఏళ్ళ తరబడి ఉంటాయి. వాటి పిల్లలు రాత్రిపూట నెత్తురులో తిరుగుతాయి. అందుకే రాత్రి రక్తం తీస్తారు. మా మేనత్త కాలు అట్లనే వాచింది. గూడెంలో అందరూ ఎవరో చేతబడి చేశారన్నారు. చేతబడి కాదు, పురుగు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సిపాయిలకు కూడా ఈ జబ్బు తగిలింది. సుబ్బారావు గారి బృందం ఎన్నో మందులు ఎలుకల మీద పరీక్ష చేసి, 1947లో హెట్రజాన్ అనే మందును బయటికి తెచ్చింది. ఇప్పుడు పంచే డీఈసీ మాత్ర అదే. మరుసటి ఏడు 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, ఆయన నిద్రలోనే పోయారు. 1995లో మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది.

మాత్ర వేసుకుంటే కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. అది చూసి భయపడి మావాళ్ళు పారేస్తారు. ఒంట్లో పురుగు పిల్లలు చచ్చినందుకే ఎక్కువగా అట్లా అవుతుంది. కాలు బాగా లావెక్కాక మళ్ళీ మామూలు కావడం కష్టం. ముందే మింగాలి. అన్నం తిన్నాక, ఎ.ఎన్.ఎం. అక్క ముందరే మింగాలి. గర్భిణులకు, రెండేళ్ళ లోపు పిల్లలకు, బాగా జబ్బుగా ఉన్నవాళ్ళకు ఇవ్వరు.

చెల్లెళ్ళారా, సెలవులకు ఇంటికి పోతే మన అమ్మలకు, అవ్వలకు ఇది మన భాషలో చెప్పండి. వాళ్ళు చదువుకోలేదు, మనం చదువుకుంటున్నాం.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని