నీకేం తక్కువ?

డెసిషన్ ట్రీలు చదివిన మనందరికీ ఎంట్రోపీ తెలుసు. ఆ ఎంట్రోపీని ప్రాబబిలిటీతో ముడిపెట్టిన మనిషి లుడ్విగ్ బోల్ట్జ్‌మన్. ఆయన గురించి ఎక్కడైనా ఒకే కథ వినిపిస్తుంది. పరమాణువులు ఉన్నాయంటే తోటివాళ్ళు నమ్మలేదట, ఆ బాధతో 1906లో ప్రాణం తీసుకున్నాడట. నేనూ అదే నమ్మాను. ఆయన జీవితం చదివాక మాత్రం ఆ లెక్క కుదరలేదు.

1844లో వియన్నాలో పుట్టాడు. 25 ఏళ్ళకే గ్రాజ్‌లో ప్రొఫెసర్. పియానో వాయించేవాడు, జోకులేసేవాడు. 1888లో బెర్లిన్ యూనివర్సిటీ పిలిచింది. ఎవరైనా ఎగిరి గంతేసే ఉద్యోగం. ఒప్పుకున్నాడు, తర్వాత చూపు సరిగా లేదని వెనక్కి తగ్గాడు. ఆ తర్జనభర్జనలోనే నలిగిపోయాడు. మరుసటి ఏడాది పదకొండేళ్ళ కొడుకు అపెండిసైటిస్‌తో పోయాడు. జబ్బు తీవ్రత ముందే గుర్తించలేదని తనని తానే నిందించుకున్నాడు.

తర్వాత మ్యూనిక్, వియన్నా, లైప్‌జిగ్, మళ్ళీ వియన్నా. ఊరు మారితే మనసు కుదుటపడుతుందనుకున్నాడేమో!

పరమాణువుల మీద వాదనలు నిజమే. మాఖ్, ఓస్ట్‌వాల్డ్ లాంటి పెద్దవాళ్ళే ఎదురు నిలిచారు. కానీ అదే ఓస్ట్‌వాల్డ్ ఆయనకి స్నేహితుడు కూడా. 1903లో వియన్నాలో ఫిలాసఫీ లెక్చర్లు మొదలుపెడితే హాలు పట్టనంత జనం వచ్చారు. 1905లో కాలిఫోర్నియా వెళ్ళొచ్చి, మద్యం దొరకని బర్క్‌లీలోకి దొంగచాటుగా వైన్ ఎలా తెచ్చుకున్నాడో కూడా చెప్తూ కడుపుబ్బ నవ్వించే యాత్రాకథ రాశాడు. అది రాసిన ఏడాదిలోపే పాఠాలు చెప్పలేని స్థితికి వచ్చాడు. డాక్టర్లు దానికి పెట్టిన పేరు న్యూరస్తీనియా, మన పెద్దవాళ్ళ భాషలో నరాల బలహీనత. అప్పట్లో సరైన మందు లేదు. సెప్టెంబరు 5న, భార్యా కూతురితో సముద్రం ఒడ్డున డుయినోకి సెలవులకి వెళ్ళినప్పుడు చనిపోయాడు. కొన్నేళ్ళకే పెరాన్ ప్రయోగాలతో పరమాణువుల గొడవ తేలిపోయింది. ఇంకొంచెం ఆగుంటే బతికేవాడు అంటారు. ఏమో, నాకు నమ్మకం లేదు. మెచ్చుకునేవాళ్ళు ఆయనకి అప్పుడూ ఉన్నారు.

పోయిన సెమిస్టర్‌లో నా రూమ్మేట్ మూడు వారాలు మంచం దిగలేదు. సీజీపీఏ తొమ్మిది, ఇంట్లో గొడవల్లేవు. నీకేం తక్కువరా అని అడిగింది నేనే. వాడు నాకు సారీ చెప్పాడు, తప్పు చేసినవాడిలా.

ఇప్పుడు బుధవారాలు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాడు. నేను బస్టాప్ దాకా వెళ్తాను. దారిలో ఏమీ అడగను.