విలియం ఫ్రెడరిక్ గెరిక్

విలియం ఫ్రెడరిక్ గెరిక్ (ఆగస్టు 30, 1882 - సెప్టెంబరు 29, 1970) అమెరికాకు చెందిన వృక్ష శరీరధర్మ శాస్త్రవేత్త. పోషక లవణాలు కరిగిన నీటితో, మట్టి లేకుండా మొక్కలను పెంచే విధానాన్ని ప్రయోగశాల నుండి వ్యవసాయంలోకి తెచ్చినవారిలో ప్రముఖుడు. హైడ్రోపోనిక్స్ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చినవాడు ఈయనే. వేళ్ళకు నీరెంత అవసరమో గాలీ అంతే అవసరమన్న సూత్రం ఈయన తొట్టి నిర్మాణంలో కనిపిస్తుంది. ఇంటిలో పొగమంచుతో మొక్కలు పెంచే నేటి పద్ధతికి కూడా ఆ సూత్రమే ఆధారం.

పూర్వరంగం

1699లో ఇంగ్లండులో జాన్ వుడ్‌వర్డ్ పుదీనా జాతి మొక్కలను వివిధ రకాల నీళ్ళలో పెంచి, స్వచ్ఛమైన నీటిలో కన్నా మట్టి కలిసిన నీటిలో అవి బాగా పెరుగుతాయని గమనించాడు. 1860 ప్రాంతంలో జర్మనీలో జూలియస్ వాన్ శాక్స్, విల్‌హెల్మ్ నాప్ లవణ ద్రావణాలలో మొక్కలను పెంచి, వాటికి ఏయే మూలకాలు అవసరమో తేల్చారు. అయితే ఆ తరువాత చాలాకాలం ఇది గాజుపాత్రలకే పరిమితమైన పరిశోధనగా ఉండిపోయింది.

ప్రయోగాలు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో పనిచేస్తూ గెరిక్ 1929లో ఈ విధానంతో పంటలు పండించవచ్చునని ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు. మొదట ఆక్వాకల్చర్ అని పేరు పెట్టాడు. ఆ పదం అప్పటికే జలచరాల పెంపకానికి వాడుకలో ఉన్నందున, సహోద్యోగి డబ్ల్యు.ఎ. సెచెల్ సూచనపై 1937లో హైడ్రోపోనిక్స్ అన్న పదాన్ని స్వీకరించాడు. గ్రీకు భాషలో హైడ్రో అనగా నీరు, పోనోస్ అనగా శ్రమ.

ఈయన తొట్టి నిర్మాణం సులభమైనది. లోతు తక్కువ తొట్టిలో పోషక ద్రావణం ఉంటుంది. దానిపై తీగల వల, వలపై గడ్డి, రంపపు పొట్టు వంటి పరుపు ఉంటాయి. వలకు, నీటికి నడుమ కొంత ఖాళీ విడుస్తారు. ఆ ఖాళీలోని తేమగాలిలో కొన్ని వేళ్ళు శ్వాసిస్తే, తక్కినవి నీటిలోనికి దిగుతాయి. ఈ పద్ధతిలో ఈయన సుమారు 25 అడుగుల ఎత్తున టమాటా తీగలు పెంచడం పత్రికలలో సంచలనమైంది.

వివాదం

పత్రికల ప్రచారంతో అతిశయోక్తులు కూడా పెరిగాయి. తన ద్రావణాన్ని ఇంటివద్ద, స్వంత సమయంలో రూపొందించానంటూ గెరిక్ దాని వివరాలను విశ్వవిద్యాలయానికి ఇవ్వడానికి నిరాకరించాడు. క్రమంగా విభేదాలు ముదిరి ఆ సంస్థను వీడాడు. ఈ విధానాన్ని పరీక్షించే పనిని విశ్వవిద్యాలయం డెన్నిస్ హోగ్లండ్, డేనియల్ ఆర్నన్‌లకు అప్పగించింది. 1938లో వెలువడిన వారి నివేదిక ప్రకారం, మంచి నేలలో వచ్చే దిగుబడి కన్నా దీని దిగుబడి అధికం కాదు. వెలుతురు, వాతావరణం అనుకూలించకపోతే నీటిసేద్యం కూడా ఫలించదు. 

ఈ వివాదంలో ఇరుపక్షాల వాదనలోనూ సత్యముంది. గెరిక్ చూపినది అధిక దిగుబడి మార్గం కాదు, నేల లేని చోట కూడా పంట తీసే మార్గం. 1940లో ఈయన తన విధానాన్ని వివరిస్తూ గ్రంథం ప్రచురించాడు.

ఆచరణ

1930వ దశకం చివర పసిఫిక్ మహాసముద్రంలోని వేక్ దీవిలో పాన్ అమెరికన్ విమాన ప్రయాణీకుల కొరకు ఈ రీతిలో కూరగాయలు పండించారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం రాతి దీవులలో కంకర తొట్లు నెలకొల్పింది. భారతదేశంలో 1946 నుండి కాలింపాంగ్ ప్రాంతంలో జేమ్స్ షోల్టో డగ్లస్ సామాన్యులకు అందుబాటులో ఉండే బెంగాల్ పద్ధతిని రూపొందించాడు.

పొగమంచు పద్ధతి

1942లో డబ్ల్యు. కార్టర్ వేళ్ళను పరిశీలించే నిమిత్తం మొక్కలను తేమగాలిలో పెంచే పద్ధతిని వివరించాడు. 1957లో ఫ్రిట్స్ వెంట్ వేళ్ళపై పోషక తుంపరలు చల్లే విధానానికి ఏరోపోనిక్స్ అని పేరు పెట్టాడు. పొగమంచు పద్ధతి దీని తరువాతి రూపం. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో అడుగున ద్రావణం పోసి, సెకనుకు సుమారు 17 లక్షల సార్లు కంపించే చిన్న బిళ్ళను అందులో ముంచుతారు. అది ద్రావణాన్ని సుమారు 5 మైక్రాన్ల బిందువులుగా, అనగా మిల్లీమీటరులో రెండువందలవ వంతు పరిమాణంలో, పైకి లేపుతుంది. మూతలోని రంధ్రాల గుండా వేళ్ళు ఆ మంచులోకి వ్రేలాడుతాయి. లోపల నాచు పెరగకుండా డబ్బాకు వెలుతురు సోకనీయరాదు.

మట్టి పెరడు లేని ఇళ్ళు ఎక్కువగా ఉన్న హైదరాబాదు పాతబస్తీలో పుదీనా, పాలకూర వంటివి ఈ విధంగా గదిలోనే పెంచుకోవచ్చును. కానీ బోరు నీటిలోని సున్నం బిళ్ళపై పేరుకుని మంచును తగ్గిస్తుంది కనుక వాననీరు లేదా వడకట్టిన శుద్ధజలం వాడటం మేలు. బిళ్ళ నుండి పుట్టే వేడి ద్రావణాన్ని వెచ్చబరచి అందులోని ప్రాణవాయువును తగ్గిస్తుంది, అందుచే వేసవిలో వేళ్ళు కుళ్ళే ప్రమాదముంది. కరెంటు పోతే మంచు ఆగి వేళ్ళు త్వరగా ఎండుతాయి. దీనికి పరిష్కారం గెరిక్ తొట్టిలోనే ఉంది. వేళ్ళ కొనలు నీటిని తాకేలా, పైభాగం గాలిలో ఉండేలా అమర్చితే కరెంటు లేని వేళల్లో కూడా మొక్క బ్రతుకుతుంది.